ఊరి పేరు ఎవరి పద్దులో ఉంది?

వలసల చరిత్ర: ఐర్లండ్, రెండో భాగం

1841 జనగణన నాటికి ఐర్లండ్ జనాభా 81 లక్షల 75 వేలు. పదేళ్ల తర్వాత లెక్క తీస్తే 65 లక్షల 52 వేలే తేలారు. బంగాళదుంప తెగులు తెచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారనీ, అంతకు మించి దేశం విడిచి పోయారనీ కిందటి భాగంలో చెప్పుకున్నాం. కరువు తగ్గినా ఓడలు ఆగలేదు. 1911 వచ్చేసరికి దీవి మొత్తం మీద 44 లక్షల లోపే జనం. అలా వెళ్లినవాళ్ల వారసులు అమెరికాలో, కెనడాలో, ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో కోట్ల సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తాతముత్తాతల పేర్లు తెలుసు, ఏ దశాబ్దంలో ఓడ దిగారో ఉజ్జాయింపుగా తెలుసు. తెలియనిదల్లా ఊరు. అమెరికా జనగణన కాగితాల్లో పుట్టిన చోటు అన్న గడిలో గుమాస్తా ‘ఐర్లండ్’ అని ఒక్క మాట గీకి పక్కింటికి పోయాడు. సమాధి రాయి మీద మహా అయితే కౌంటీ పేరు ఉంటుంది. కౌంటీలు 32 ఉన్నాయి, ఒక్కో కౌంటీలో ఒకే పేరు గల మనుషులు వందల్లో ఉన్నారు. ఊరు తెలియనివాడు డబ్లిన్ దాకా వెళ్లినా చేయగలిగింది తక్కువ.

ఎందుకిలా అయిందని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు: కాగితాలన్నీ కాలిపోయాయి. 1922 జూన్ చివర్లో, ఐరిష్ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, బ్రిటన్‌తో ఒప్పందాన్ని వ్యతిరేకించిన దళాలు డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనాలను పట్టుకుని కూర్చున్నాయి. కొత్త ప్రభుత్వ సైన్యం ఫిరంగులు పేల్చింది. జూన్ 30న పెద్ద పేలుడు జరిగి పక్కనే ఉన్న ప్రభుత్వ దస్తావేజుల ఖజానా తగలబడింది. కాలిన కాగితాలు నగరమంతా ఎగిరి పడ్డాయి. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనగణనల ఇంటింటి పత్రాలు, ఏవో తునకలు తప్ప, అందులో పోయాయి. అక్కడ భద్రపరిచిన వీలునామాలు పోయాయి. ఆంగ్లికన్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. నష్టం చిన్నది కాదు. కానీ 1861, 1871 జనగణన పత్రాలను మొత్తాలు కూడుకున్నాక ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలను మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జు కింద మార్చేశారు. ఈ నాలుగింటి పాపం మంటది కాదు. అచ్చు పుస్తకంలో అంకెలు వచ్చేశాయి కాబట్టి ఆ ఇళ్ల పేర్లతో ఎవరికీ పని లేదనుకున్నారు, అంతే.

పోయినదాన్నీ మిగిలినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనుషులను గుర్తుపెట్టుకోవడానికని రాసిన కాగితం దాదాపు లేదు. ఒకరి మీద మరొకరు డబ్బు ఖర్చు పెట్టినప్పుడో, ఒకరి నుంచి మరొకరికి డబ్బు రావలసి ఉన్నప్పుడో రాసిన కాగితం మాత్రం ఉంది. లెక్క అప్పగించాల్సిన చోట నకలు కూడా తీస్తారు కనుక అది రెండు మూడు చోట్ల ఉంది, అందుకే బతికింది. వలస పోయిన మనిషి ఊరు కావాలంటే ముందు తేల్చుకోవలసింది అతని ప్రయాణానికి ఎవరి చేతి డబ్బు వదిలింది, అతను ఎవరికి బాకీ పడ్డాడు అన్నది. ఈ భాగంలో నా వాదన ఇదే. దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, కొన్ని గట్టివే. ముందు సాక్ష్యం చూద్దాం.

ఐర్లండ్‌లో ఊరు అంటే టౌన్‌ల్యాండ్. కొన్ని వందల ఎకరాల నేల, దాని మీద పదో ఇరవయ్యో గుడిసెలు, దానికో పేరు. ఇలాంటివి 60 వేలకు పైగా ఉన్నాయి. 1824 తర్వాత సైనిక సర్వే శాఖ మైలుకు ఆరంగుళాల కొలతతో దేశమంతా పటాలు గీసినప్పుడు ఈ పేర్లకు ఒక స్థిరమైన రూపం వచ్చింది. అంతకు ముందు ఎవరికి వినిపించినట్టు వాళ్లు రాశారు. ఒకే పేరు పది కౌంటీల్లో కనిపించడం మామూలే. దీనికి తోడు కుటుంబాల్లో నోటి మాటగా వచ్చే సమాచారం మోసం చేస్తుంది. ‘మావాళ్లది కార్క్’ అని చెప్పుకునే ఎన్నో కుటుంబాలకు కార్క్‌తో ఉన్న సంబంధం అక్కడి క్వీన్స్‌టౌన్ రేవులో ఓడ ఎక్కడమే. కరువు కాలంలో ఎక్కువమంది అసలు ఐరిష్ రేవు నుంచి నేరుగా అమెరికా పోలేదు, లివర్‌పూల్ వెళ్లి అక్కడ ఓడ పట్టుకున్నారు. కాబట్టి ఓడ ఎక్కిన రేవును బట్టి పుట్టిన ఊరిని ఊహించడం కుదరదు.

అమెరికా ఓడల జాబితాలు 1820 నుంచి ఉన్నాయి. లక్షల పేర్లు. అయినా వాటిలో ఊరు ఉండదు. కారణం వాటిని పుట్టించిన చట్టంలోనే ఉంది. 1819లో అమెరికా కాంగ్రెస్ ఓడలో జనాన్ని కుక్కకుండా ప్రతి ఐదు టన్నులకు ఇద్దరు ప్రయాణికులే ఉండాలని నియమం పెట్టింది. ఆ లెక్క చూపడానికి కెప్టెన్ తల ఒక్కంటికి పేరు, వయసు, వృత్తి, దేశం రాసి ఇచ్చాడు. లెక్కకు తలలు చాలు, ఊరితో పనేముంది? ఇప్పుడు ఇదే జాబితా తర్వాత ఎలా మారిందో చూడండి. 1891 చట్టం తర్వాత, వెనక్కి పంపేసిన ప్రయాణికుణ్ణి తిరిగి తీసుకుపోయే ఖర్చు ఓడ కంపెనీ నెత్తిన పడింది. 1893 చట్టం జాబితాలో గడులను పెంచింది: చివరగా ఉన్న చోటు ఏది, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు, చేతిలో డబ్బెంత, నీ టికెట్ డబ్బు ఎవరు కట్టారు. ఆఖరి ప్రశ్న నా వాదనకు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. డబ్బు బాధ్యత రాగానే కాగితానికి జ్ఞాపకశక్తి వచ్చింది.

ఇక అమెరికాలోనే, ప్రభుత్వ జాబితాలు మౌనంగా ఉన్న కాలంలోనే, ఊరు పేరు రాసి పెట్టిన చోటు ఒకటి ఉంది. న్యూయార్క్‌లో 1850లో ఎమిగ్రంట్ ఇండస్ట్రియల్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. ఐరిష్ వలసదారుల సంఘం పూనుకుంటే ఆర్చిబిషప్ జాన్ హ్యూస్ అండగా నిలిచాడు. ఖాతాదారులు కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు. చాలామందికి సంతకం రాదు. పైగా ఒకే పేరుతో పదిమంది. డబ్బు తీసుకోవడానికి వచ్చిన మేరీ సలివన్ నిజంగా ఆ మేరీ సలివనేనా అని గుమాస్తా తేల్చుకోవాలి. అందుకని ఖాతా తెరిచిన రోజే ‘పరీక్ష పుస్తకం’ అనే పద్దులో అన్నీ అడిగి రాసుకునేవారు: ఏ కౌంటీ, ఏ పారిష్, వీలైతే ఏ ఊరు, ఏ సంవత్సరంలో ఏ ఓడలో వచ్చింది, తండ్రి ఉన్నాడా పోయాడా, తల్లి పేరేమిటి, అన్నదమ్ములు ఎక్కడెక్కడ ఉన్నారు, పెళ్లయిందా, భర్త పేరేమిటి. మరోసారి వచ్చినప్పుడు అందులోంచి ఏదో ఒకటి అడిగేవాళ్లు. ఇవాళ మన బ్యాంకులు ఫోనులో తల్లి ఇంటిపేరు అడుగుతున్నాయే, అదే పని. బ్యాంకు తన డబ్బు తప్పు మనిషి చేతిలో పడకుండా చూసుకుంది. ఆ జాగ్రత్త పుణ్యమా అని వేల కుటుంబాల ఊళ్లు నిలిచాయి. ఆ పుస్తకాలు ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి.

ఈ పుస్తకాలను చరిత్రకారుడు టైలర్ ఆన్‌బిండర్ వాడుకున్న తీరు చూడదగ్గది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్స్ అనే పేట దరిద్రానికి, రోగాలకు, తగాదాలకు పేరుమోసింది. అక్కడి ఐరిష్‌వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారని ఆయన బ్యాంకు పుస్తకాలను, అదే పేటలోని ట్రాన్స్‌ఫిగరేషన్ చర్చి పెళ్లిళ్ల రిజిస్టరును కలిపి చదివాడు. ఆ చర్చి వధూవరుల జన్మస్థలం కూడా రాసేది. జనం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లే అయినా స్లైగో, కార్క్, కెర్రీ కౌంటీలు ముందు నిలిచాయి. ఇంకా దగ్గరికి వెళ్లి చూస్తే కెర్రీ వాళ్లలో పెద్ద భాగం కెన్‌మేర్ చుట్టుపక్కల పారిష్‌ల వాళ్లు, అంటే లాన్స్‌డౌన్ ప్రభువు ఎస్టేటు రైతులు. ఎస్టేటు ఏజెంటు విలియం స్టీవర్ట్ ట్రెంచ్ వేలమందిని ఎస్టేటు ఖర్చుతో ఓడ ఎక్కించాడు. చిరిగిన బట్టలతో దిగిన అదే మనుషుల్లో చాలామందికి కొన్నేళ్లు తిరిగేసరికి బ్యాంకులో వందల డాలర్లు నిల్వ ఉన్నాయన్నది ఆన్‌బిండర్ తేల్చిన మరో సంగతి. పేదల వివరాలు ఎక్కడా ఉండవనే నమ్మకాన్ని ఈ ఒక్క పరిశోధన గట్టిగా కుదిపింది.

ట్రెంచ్ దయతో పంపాడా? అతనే తర్వాత రాసుకున్న పుస్తకంలో లెక్క దాచుకోలేదు. ఒక మనిషిని పేదల ఆశ్రమంలో ఏడాది పోషించే ఖర్చు కంటే అమెరికా టికెట్ చవక. ఐర్లండ్‌లో పేదల పోషణకు స్థానిక పన్ను వేసేవారు. 1843 తర్వాత, నాలుగు పౌన్లు గానీ అంతకు తక్కువ గానీ విలువ కట్టిన కమతాల మీద ఆ పన్ను భూస్వామే కట్టాలన్నారు. కరువు రాగానే అలాంటి చిన్న రైతు ప్రతివాడూ భూస్వామికి రెండు వైపులా నష్టం: కౌలు రాదు, పన్ను తప్పదు. రాస్కామన్ కౌంటీ స్ట్రోక్స్‌టౌన్‌లో మేజర్ డెనిస్ మాహన్ ఎస్టేటు నుంచి 1847లో 1,490 మందిని పంపించారు. రాయల్ కాలువ గట్టు వెంబడి డబ్లిన్‌కు నడిపించి, అక్కణ్ణుంచి లివర్‌పూల్, అక్కణ్ణుంచి క్విబెక్. అదే ఏడాది నవంబరులో మాహన్‌ను కాల్చి చంపారు. అక్కడ ఇప్పుడు జాతీయ కరువు మ్యూజియం ఉంది, ఎస్టేటు కాగితాలు చాలావరకు మిగిలాయి. పంపినవాడికి ఖర్చు లెక్క కావాలి కనుక ఎవరిని పంపారో, ఏ టౌన్‌ల్యాండ్ నుంచి పంపారో రాసి ఉంది. అదే ఊళ్లలో తన దూడను అమ్ముకుని, తన టికెట్ తానే కొనుక్కుని వెళ్లినవాడికి అలాంటి పద్దు లేదు. గెంటివేయబడ్డవాడి ఊరు ఇలా తెలుస్తోంది, తన ఇష్టంతో వెళ్లినవాడిది తెలియడం లేదు. చరిత్ర ఎంత వంకరగా ఉంటుందో అనిపిస్తుంది.

ఈ వాదనకు అన్నిటికంటే గట్టి పరీక్ష ఆస్ట్రేలియా. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో ఒకడు బోస్టన్ పోయాడు, ఇంకొకడు సిడ్నీ పోయాడు అనుకుందాం. బోస్టన్ అట్లాంటిక్ అవతలి ఒడ్డు, టికెట్ ఏదోలా కొనుక్కోవచ్చు. సిడ్నీకి నెలల ప్రయాణం. అంత చార్జీ పేదవాడు పెట్టలేడు కనుక న్యూ సౌత్ వేల్స్ వలస ప్రభుత్వం ప్రభుత్వ భూములు అమ్మగా వచ్చిన సొమ్ముతో మనుషులను తెప్పించుకుంది. తాము డబ్బు కట్టిన మనిషి తాము అడిగిన రకం మనిషేనా అని రేవులోనే విచారించింది. అందుకే అక్కడి జాబితాల్లో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు బతికున్నారా లేదా, మతం, చదువు, ఇక్కడ చుట్టాలెవరైనా ఉన్నారా అన్నవన్నీ కనిపిస్తాయి. 1848 నుంచి 1850 దాకా ఐరిష్ పేదల ఆశ్రమాల నుంచి నాలుగు వేలకు పైగా అనాథ ఆడపిల్లలను ఎర్ల్ గ్రే పథకం కింద పంపారు. ఆ పిల్లలు ఏ ఆశ్రమం నుంచి వచ్చారో తెలుసు. దేశబహిష్కారం శిక్ష పడ్డ ఖైదీల సంగతి సరేసరి. ఒక్క రొట్టె దొంగిలించి పోయినవాడికి కూడా దస్త్రం ఉంటుంది. సిడ్నీ తమ్ముడి కాగితంలో ఊరు దొరికితే బోస్టన్ అన్నదీ దొరికినట్టే. అమెరికా వారసులు ఆస్ట్రేలియాలో వెతకడానికి బద్ధకిస్తారు, అక్కడే చాలామంది ఆగిపోతారు.

ఇదే సామ్రాజ్యం కింద మనవాళ్ల సంగతీ ఇలాగే జరిగింది. 1860 నుంచి 1911 దాకా నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు లక్షన్నర పైచిలుకు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు ఉన్నారు. చెరకు తోటల యజమాని డబ్బు పెట్టాడు కాబట్టి జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం ఉన్నాయి. కాకినాడ, కోరంగి రేవుల నుంచి మేస్త్రీ ఇచ్చిన బయానాతోనో, సొంత డబ్బుతోనో రంగూన్ ఓడ డెక్కు మీద కూర్చున్న వాళ్లకు అటువంటి ప్రభుత్వ దస్త్రం లేదు. వాళ్ల ఊళ్లు మేస్త్రీ చిట్టాల్లో ఉండేవేమో, ఆ చిట్టాలు ఎవరు దాచారు? బానిసత్వానికి దగ్గరగా ఉన్న ఒప్పందం కింద పోయినవాడికి స్వేచ్ఛగా పోయినవాడి కంటే ఎక్కువ కాగితం మిగలడం ఐర్లండ్‌కు మాత్రమే ప్రత్యేకం కాదు.

ఇప్పుడు ఐర్లండ్ లోపలికి వద్దాం. 1820, 30 దశకాల్లో ఆంగ్లికన్ చర్చికి కట్టవలసిన దశమభాగపు పన్ను కోసం సాగుదారుల జాబితాలు తయారయ్యాయి. కట్టేవాళ్లలో ఎక్కువమంది కేథలిక్కులు కావడం, గొడవలు జరగడం వేరే కథ. 1847, 1864 మధ్య రిచర్డ్ గ్రిఫిత్ స్థానిక పన్నుల కోసం దేశంలో ప్రతి ఇంటికీ, ప్రతి కమతానికీ విలువ కట్టించాడు. సాగుదారు ఎవరు, ఎవరి కింద కౌలు, ఇల్లుందా, ఎంత నేల, ఏడాదికి ఎంత విలువ అన్నవి టౌన్‌ల్యాండ్ వారీగా అచ్చయ్యాయి. పది లక్షల పేర్లు. జనగణనలు పోయిన దేశంలో వాటి స్థానాన్ని భర్తీ చేస్తున్నది ఈ పన్నుల పుస్తకమే. ఇంకా వెనక్కి వెళ్తే 1796లో అవిసె నార సాగు పెంచడానికి ప్రభుత్వం నూలు రాట్నాలు ఉచితంగా ఇచ్చింది. ఎవరికిచ్చారన్న జాబితాలో సుమారు 60 వేల పేర్లున్నాయి, ఎక్కువ ఉత్తరాది అల్‌స్టర్ రైతులవి. 1866 నుంచి కుక్కను పెంచాలంటే ఏటా రెండు షిల్లింగుల లైసెన్సు తీసుకోవాలి. ఆ రిజిస్టర్లలో యజమాని పేరూ, ఊరూ, కుక్క రంగూ కూడా ఉన్నాయి. పెళ్లి నమోదు దొరకని మనిషి నల్ల కుక్క దొరుకుతుంది. 1824 తర్వాత మన్‌స్టర్, కన్నాట్ ప్రాంతాల్లో లండన్ దాతల సొమ్ముతో చిన్న రుణాలు ఇచ్చిన నిధి ఉంది. అప్పు తీసుకున్నవాడి పేరు, జామీను ఉన్నవాళ్ల పేర్లు, ఊరు, తర్వాత బాకీ వసూలుకు పోయినప్పుడు చనిపోయాడనో, అమెరికా పోయాడనో రాసిన గమనిక కూడా కనిపిస్తాయి. ఆ పుస్తకాలు లండన్ చేరాయి కాబట్టి 1922 మంట వాటిని తాకలేదు.

మంటలో పోయిన జనగణన నుంచే కొన్ని తునకలు డబ్బు వల్ల బతికాయి. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 1909 జనవరి నుంచి 70 నిండిన పేదలకు వారానికి ఐదు షిల్లింగులు. అంతవరకూ వయసు పట్టించుకోని దేశంలో ఒక్కసారిగా వయసు విలువైన వస్తువైంది. జనన నమోదు అందరికీ మొదలైంది 1864లో, అంటే 70 ఏళ్ల మనిషి దగ్గర రుజువు ఉండదు. దరఖాస్తు వచ్చినప్పుడు అధికారులు డబ్లిన్‌లోని 1841, 1851 జనగణన పుస్తకాలు తెరిచి వెతికించారు. తల్లిదండ్రుల పేర్లు, అప్పటి కౌంటీ, పారిష్, టౌన్‌ల్యాండ్ ఒక ఫారంలో రాసి, దొరికిందా లేదా అని కింద నమోదు చేశారు. కొన్నిట్లో ఆ ఇంట్లోవాళ్లందరి పేర్లూ దించారు. పుస్తకాలు కాలిపోయాయి, ఫారాలు మిగిలాయి. అమెరికా పోయినవాడి అక్క ఊళ్లోనే ఉండి 1910లో పింఛను అడిగి ఉంటే తమ్ముడి బాల్యపు ఇల్లు ఆ ఫారంలో దొరకవచ్చు. 1901, 1911 జనగణనలు పక్కపక్కన పెట్టి చదివితే పదేళ్లలో పదిహేనేళ్లు ముసలివాళ్లయినవాళ్లు బోలెడంతమంది కనిపిస్తారు. ఐదు షిల్లింగుల మహిమ.

మొదటి అభ్యంతరం చర్చి రిజిస్టర్ల గురించి రావాలి. బాప్తిస్మం ఎవరూ పన్ను కోసం ఇవ్వరు కదా? నిజమే, నా సూత్రానికి ఇది మినహాయింపు. అవి రాయడంలో ఉద్దేశం మరోటి: వావివరసలు తప్పకుండా పెళ్లిళ్లు జరగాలంటే ఎవరు ఎవరి బిడ్డో చర్చికి తెలియాలి. కేథలిక్ రిజిస్టర్లను ప్రభుత్వం అడగలేదు, అవి ఊరి చర్చిల్లోనే ఉండిపోయాయి, అందువల్ల మంటలో పడలేదు. వాటి మైక్రోఫిల్ములను జాతీయ గ్రంథాలయం 2015లో అందరికీ ఉచితంగా తెరిచింది. వెయ్యికి పైగా పారిష్‌లవి. అయితే పడమటి జిల్లాల్లో చాలా పారిష్‌లవి 1820, 30 దశకాల తర్వాతే మొదలవుతాయి. ఏ పారిష్ తెరవాలో తెలియాలంటే మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికే రావాలి. బరాక్ ఒబామా విషయమే చూడండి. ఆయన తల్లి వైపు పూర్వీకుడు ఫాల్మత్ కార్నీ, చెప్పులు కుట్టే వృత్తి చేసుకునే జోసెఫ్ కొడుకు, 1850లో ఆఫలీ కౌంటీ మనీగాల్ నుంచి అమెరికా పోయాడు. ఆ కుటుంబం ఆంగ్లికన్లు. వాళ్ల చర్చి రిజిస్టరు డబ్లిన్‌కు వెళ్లకుండా స్థానికంగా ఉండిపోవడం వల్ల 2007లో ఊరు రూఢి అయింది. 2011 మే నెలలో ఒబామా ఆ ఊరు వెళ్లాడు. ఫాల్మత్ లాంటి అరుదైన పేరు కాకుండా ప్యాట్రిక్ అయ్యుంటే పని ఇంకా కష్టమయ్యేది. ఆ కుటుంబం కదలడానికి కారణం మాత్రం ఒహాయోలో జోసెఫ్ అన్నదమ్ముడు వదిలిపోయిన భూమి. ఇక్కడా ఆస్తి పద్దే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఎక్కువమంది వలసదారుల టికెట్ కొన్నది ప్రభుత్వమూ కాదు, జమీందారూ కాదు. ముందు పోయిన అన్న తమ్ముడికి, అక్క చెల్లెలికి డబ్బు పంపారు. దానికి పద్దు ఎక్కడుంది? ఆ డబ్బుకు పద్దు లేకపోయినా దానికో దారి ఉంది, ఆ దారి ఒకే ఊరిది. ఒకరు పిలిస్తే ఇంకొకరు వచ్చే వలసలో పక్కవాటాలో ఉన్నవాడు, బిడ్డకు జ్ఞానపిత అయినవాడు, పెళ్లికి సాక్షిగా నిలిచినవాడు తరచుగా ఒకే పారిష్ వాళ్లు. మీ మనిషికి కాగితం లేకపోతే ఆ సాక్షికి ఉండొచ్చు. ఆడవాళ్లు పెళ్లయ్యాక ఇంటిపేరు మారి కనుమరుగవుతారు, కానీ ఇళ్లలో పనిచేస్తూ బ్యాంకులో దాచుకున్నదీ, ఇంటికి డబ్బు పంపిందీ ఎక్కువగా వాళ్లే. అన్నిటికంటే ముఖ్యం, తప్పిపోయినవాళ్ల కోసం బంధువులే డబ్బు కట్టి వేయించిన ప్రకటనలు. బోస్టన్‌లోని పైలట్ పత్రిక 1831 నుంచి 1921 దాకా వాటిని అచ్చువేసింది. ఫలానా పేరు, ఫలానా కౌంటీ, పారిష్, టౌన్‌ల్యాండ్ వాసి, ఫలానా ఏడు బయల్దేరాడు, చివరిసారి ఫలానా రైలుమార్గం పనిలో ఉన్నట్టు తెలిసింది, ఆచూకీ తెలిస్తే చెల్లెలికి రాయండి. ఒకే పేరువాళ్లు వందమంది ఉన్న చోట కట్టిన డబ్బు వృథా కాకూడదంటే ఊరు రాయక తప్పదు. ప్రేమ కూడా డబ్బు కట్టినచోటే అచ్చయింది.

ఇప్పుడంతా కంప్యూటరులో ఉంది కదా, పేరు కొడితే వచ్చేస్తుంది కదా అనేవాళ్లకు యానీ మూర్ కథ చెప్పాలి. 1892 జనవరి 1న ఎల్లిస్ దీవి తెరిచిన రోజు మొట్టమొదట అడుగుపెట్టిన వలసదారు ఆమె. కార్క్ కౌంటీ నుంచి ఇద్దరు తమ్ముళ్లతో నెవాడా ఓడలో వచ్చింది, పది డాలర్ల బంగారు నాణెం బహుమతిగా అందుకుంది. తర్వాత ఆమె టెక్సస్ వెళ్లిపోయిందని, అక్కడ 1923లో వీధి రైలు గుద్ది చనిపోయిందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. ఆ టెక్సస్ యానీ ఇల్లినాయ్‌లో పుట్టిన అమెరికా మనిషని 2006లో మెగన్ స్మోలెన్యాక్ రుజువు చేసింది. అసలు యానీ న్యూయార్క్ దిగువ తూర్పు పేట దాటి పోలేదు, 1924లో అక్కడే చనిపోయింది. దేశమంతటికీ తెలిసిన మనిషి విషయంలోనే ఇంత పొరపాటు జరిగితే అనామక జాన్ మర్ఫీల సంగతి ఏమిటి? పేరు కలవడం రుజువు కాదు. పేరుతో పాటు తండ్రి, తోబుట్టువు, సాక్షి, తేదీ కలిసి రావాలి. ఎల్లిస్ దీవిలో గుమాస్తాలు ఇంటిపేర్లు మార్చేశారన్న కథ కూడా ఇలాంటిదే. జాబితాలు ఓడ బయల్దేరే చోట కంపెనీ రాసి పంపేది, దీవిలో వాటిని చదివి సరిచూసేవారు. పేర్లు మారాయి, కానీ మనుషులే మార్చుకున్నారు. ‘ఓ’ తగిలించుకోవడం, తీసేయడం ఐర్లండ్‌లోనూ జరిగింది.

డీఎన్ఏ పరీక్ష సంగతి? అది చుట్టాన్ని చూపిస్తుంది, ఊరిని చూపించదు. ముత్తాత తండ్రి నుంచి మనకు వచ్చే వాటా సగటున పదహారో వంతు. ఇంకొక తరం వెనక్కి పోతే అందులో సగం. మీతో కలిసిన బంధువు దగ్గర ఊరి కాగితం ఉంటే మీకు ఊరు దొరుకుతుంది, ఆయన దగ్గరా లేకపోతే ఇద్దరు చుట్టాలు కలిసి ఒకే చీకట్లో కూర్చున్నట్టు. ఇంటిపేర్ల పటాలదీ అదే తీరు. ఒక ఇంటిపేరు ఫలానా కౌంటీలో ఎక్కువని చెప్పగలవు తప్ప మీ మనిషి అక్కడివాడని చెప్పలేవు. 2022లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నాయకత్వంలో కాలిపోయిన ఖజానాను ఇతర చోట్ల దొరికిన నకళ్లతో తిరిగి కూర్చే పని వెలుగు చూసింది. చాలా గొప్ప పని. ఆ నకళ్లలో ఎక్కువ పన్నులవీ, ఖర్చులవీ, ఆస్తులవీ కావడం చూసి నేను ఆశ్చర్యపోలేదు.

నా వాదన ఆగిపోయే చోటు కూడా చెప్పాలి. గ్రిఫిత్ జాబితాలో కౌలుదారులు ఉన్నారు. ఒకే పంట కాలానికి గజాల లెక్కన దుంపల మడి అద్దెకు తీసుకుని రైతు పొలం మూల గుడిసె వేసుకున్న కూలివాడు ఎవరి పన్నుల పుస్తకంలోనూ లేడు. కరువు ముందుగా పడింది వాళ్ల మీదే, గ్రిఫిత్ మనుషులు ఆ కౌంటీకి చేరేసరికి చాలా గుడిసెలు నేలమట్టమయ్యాయి. అలాంటి వాళ్ల వారసులు ఎంత వెతికినా కౌంటీ దగ్గర ఆగిపోవలసి రావచ్చు. ఆగిపోతే ఆగిపోవాలి. దగ్గరగా ఉందని ఒక టౌన్‌ల్యాండ్ పేరు వంశవృక్షంలో అతికించి, దాన్ని నలుగురు నకలు చేసుకుంటే, పదేళ్లలో అదే సాక్ష్యమై కూర్చుంటుంది. ఇప్పుడు చెలామణిలో ఉన్న ఐరిష్ వంశవృక్షాల్లో ఇలాంటివి తక్కువేం లేవు.

స్ట్రోక్స్‌టౌన్ వాళ్లు ఎక్కిన ఓడల్లో వర్జీనియస్ ఒకటి. 476 మందితో లివర్‌పూల్ విడిచిన ఆ ఓడలో క్విబెక్ దగ్గరి గ్రోస్ దీవికి చేరేలోగానే 158 మంది పోయారు. దిక్కులేనివాళ్లయిన పిల్లల్లో కొందరిని ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు పెంచుకున్నాయి, చాలామందికి ఐరిష్ ఇంటిపేర్లు అలాగే ఉంచాయి. ఆ దీవి గురించీ, ఆ పిల్లల గురించీ వచ్చే భాగంలో.

(సశేషం)